పాల ఇంజెక్షన్ నడుం నొప్పికి పనికొస్తుందా?

తెలంగాణ పల్లెల్లో ఆక్సిటోసిన్ అంటే తెలియని వాళ్లుంటారు గానీ, బర్రెకు వేసే పాల ఇంజెక్షన్ అంటే తెలియని వాళ్లు తక్కువ. దూడ చచ్చిపోయిన బర్రె పొదుగు నిండా పాలున్నా చేపదు. సూది వేస్తే కాసేపటికే చేపుతుంది. అదే మందు ఆస్పత్రి కాన్పు గదిలో ఫ్రిజ్‌లో ఉంటుంది. బిడ్డ బయటపడగానే తల్లికి పది యూనిట్లు ఇస్తారు, గర్భసంచి ముడుచుకుని రక్తస్రావం ఆగడానికి. నొప్పులు రాని గర్భిణికి నొప్పులు తెప్పించడానికి సెలైన్‌లో కలిపి ఎక్కించేదీ అదే. నొప్పులు తెప్పించే మందుకు, ఏళ్ల తరబడి వదలని నొప్పిని తగ్గించే గుణం కూడా ఉందా అని మూడు దశాబ్దాలుగా పరిశోధకులు వెతుకుతున్నారు. ఆ వెతుకులాట ఎంతదాకా వచ్చిందో, సంగారెడ్డి జిల్లా హత్నూర లాంటి చోట దానితో ఏం పని ఉందో చూద్దాం.

హత్నూర మండలంలో నొప్పికి కొదవలేదు. ఒకపక్క వరినాట్లు, కలుపు, పత్తి ఏరడం. ఇవన్నీ నడుం వంచి చేసే పనులు, చాలావరకు ఆడవాళ్ల పనులు. మరోపక్క బోర్పట్లలో, గుండ్లమాచునూరులో అరబిందో లాంటి మందుల కంపెనీలు. ఇక్కణ్నుంచి పటాన్‌చెరు దాకా బొంతపల్లి, గడ్డపోతారం, బొల్లారం, పాశమైలారం అంతా ఒకటే పారిశ్రామిక బెల్టు. డ్రమ్ములు దొర్లించే, బస్తాలు ఎత్తే, రాత్రి షిఫ్టులో నిలబడే మనుషులకు నడుం, మెడ, మోకాలు ఎప్పుడో ఒకప్పుడు మొరాయిస్తాయి. మూడు నెలలు దాటినా వదలని నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. మన దేశంలో వయోజనుల్లో దాదాపు 19 శాతం మందికి అది ఉందని 2018లో అచ్చైన ఒక సర్వే తేల్చింది. వాళ్లలో ఎక్కువమందికి దొరికే వైద్యం ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు వేసే డైక్లోఫెనాక్ సూది, అది చాలకపోతే స్టెరాయిడ్. మొదటిది ఎక్కువైతే కడుపునూ కిడ్నీనీ, రెండోది ఎముకలనూ దెబ్బతీస్తుంది. ఓపియాయిడ్ మందులకు అలవాటుపడి అమెరికాలో లక్షల మంది చనిపోయాక, వాటికి బదులుగా వాడే నొప్పిమందు ప్రపంచమంతటికీ కావాల్సి వచ్చింది. ఆక్సిటోసిన్ మీద ఆశ పెరిగింది ఆ అవసరంలోంచే.

మందు కొత్తదేం కాదు. పిట్యూటరీ గ్రంథి వెనక భాగం నుంచి తీసిన రసం పిల్లి గర్భసంచిని ముడుచుకునేలా చేస్తుందని హెన్రీ డేల్ 1906లో గమనించాడు. ఆ రసంలో పనిచేసే పదార్థం తొమ్మిది అమైనో ఆమ్లాల చిన్న గొలుసని, అందులో ఆరు ఉంగరంలా చుట్టుకుని ఉంటాయని విన్సెంట్ డు విన్యో తేల్చాడు. 1953లో దాన్ని ప్రయోగశాలలోనే తయారు చేశాడు. ఆ పనికే 1955లో ఆయనకు రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఇలాంటి గొలుసులను పెప్టైడ్‌లంటారు. మన బెల్టులో పేరుపడ్డవి యాంటీబయాటిక్‌లు, బల్క్ డ్రగ్‌లే అయినా, బొంతపల్లిలో ప్లాంటున్న న్యూలాండ్ లాంటి కంపెనీలు పెప్టైడ్‌ల వైపూ మళ్లాయి. కాబట్టి ఆక్సిటోసిన్‌ను మార్చి కొత్త నొప్పిమందు చేయాల్సి వస్తే తయారీ పెద్ద అడ్డంకి కాదు. శరీరంలో చేరాల్సిన చోటికి దాన్ని చేర్చడమే అసలు చిక్కు. ఈ కథంతా ఆ చిక్కు చుట్టూ తిరిగేదే.

ఎలుకల దగ్గర మొదలుపెడితే సాక్ష్యం గట్టిగా ఉంది. మెదడు అడుగున హైపోథాలమస్‌లో ఆక్సిటోసిన్ తయారుచేసే కణాలుంటాయి. వాటిలో పెద్దవి దాన్ని రక్తంలోకి వదులుతాయి. కాన్పుకూ పాలకూ పనికొచ్చేది అదే. కొన్ని చిన్న కణాలు మాత్రం తమ పోగులను నేరుగా వెన్నుపాములోకి దించుతాయి. ఒంట్లోంచి వచ్చే నొప్పి సంకేతం మెదడుకు ఎక్కే ముందు ఆగే మజిలీ ఆ వెన్నుపామే. మెక్సికోలో మిగెల్ కొండెస్-లారా బృందం హైపోథాలమస్‌లోని ఆ చోటును విద్యుత్తుతో ప్రేరేపిస్తే వెన్నుపాములో నొప్పిని మోసే కణాలు నెమ్మదించాయి. ఆక్సిటోసిన్‌ను అడ్డుకునే మందు పెడితే ఆ ఫలితం పోయింది. 2016లో వాలెరీ గ్రినెవిచ్, అలెక్సాండర్ షార్లే బృందాలు ఇంకా లోపలికి వెళ్లాయి. ఎలుక మెదడులో సుమారు ముప్పై చిన్న కణాలే ఇటు వెన్నుపాముకూ అటు పెద్ద కణాలకూ ఆజ్ఞలిస్తూ, వాపు వల్ల వచ్చే నొప్పిని తగ్గిస్తున్నాయని చూపించాయి. కోట్ల కణాల మెదడులో ముప్పై! ఆ సంఖ్య చదివినప్పుడల్లా నాకు ఆశ్చర్యమే.

ఇక్కడొక పీటముడి ఉంది. ఆక్సిటోసిన్‌కూ, నీటినీ బీపీనీ చూసుకునే వాసోప్రెసిన్‌కూ తేడా రెండే రెండు అమైనో ఆమ్లాలు. ఒకదాని తాళంచెవి రెండోదాని తాళంలోనూ, అంటే గ్రాహకంలోనూ, తిరుగుతుంది. చిట్టెలుకల్లో ఆక్సిటోసిన్ నొప్పిని తగ్గించేది తన సొంత గ్రాహకం ద్వారా కాదు, వాసోప్రెసిన్ గ్రాహకం ద్వారానేనని 2010లో ఒక బృందం వాదించింది. అది నిజమైతే నొప్పిమందుగా వెతకాల్సింది వేరే అణువునేమో. ఈ తగవు ఇంకా తెగలేదు.

ఎలుకల ప్రయోగాల్లో నన్ను ఎక్కువగా ఆపినది 2013లో అమెరికాలోని వేక్ ఫారెస్ట్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. జేమ్స్ ఐసెనాక్ అప్పట్లో అక్కడ మత్తువైద్యుడు. చూలుతో ఉన్న ఎలుకల నరానికి ఆయన బృందం గాయం చేసింది. పాదం తాకితేనే ఓర్చుకోలేనంత నొప్పి వాటికి మొదలైంది. ఈనిన తర్వాత ఆ నొప్పి కొంత తగ్గుతూ వచ్చింది. పిల్లల్ని వేరు చేసిన తల్లుల్లో మాత్రం తగ్గలేదు. అలా వేరుపడ్డ తల్లుల వెన్నులోకి ఆక్సిటోసిన్ ఎక్కిస్తే తగ్గింది. పిల్లలతో ఉన్నవాటికి ఆక్సిటోసిన్‌ను అడ్డుకునే మందు ఇస్తే కొంతసేపు నొప్పి తిరగబెట్టింది. దూడ మూతి తగలందే బర్రె చేపదని మన పాడిరైతులకు ఎప్పటి నుంచో తెలుసు. పిల్లలు దగ్గరుండటం తల్లి వెన్నులో నొప్పిని కూడా అణచిపెడుతోందని ఈ ప్రయోగం చెబుతోంది.

మరి మనుషుల్లో? అదే బృందం 1,200 మందికి పైగా బాలింతలను ఏడాదిపాటు గమనించింది. కాన్పుతో మొదలైన నొప్పి ఏడాది తర్వాతా మిగిలినవాళ్లు వెయ్యికి ముగ్గురే. గజ్జల్లో హెర్నియా ఆపరేషన్ల తర్వాతా, రొమ్ము ఆపరేషన్ల తర్వాతా చాలామందికి నొప్పి ఏళ్ల తరబడి ఉండిపోతుంది. వాటితో పోలిస్తే కాన్పు వేళ శరీరాన్ని ఏదో కాపాడుతోందని, అది ఆక్సిటోసిన్ కావచ్చని ఐసెనాక్ ప్రతిపాదన. వినడానికి బాగుంది. కానీ సిజేరియన్ మీద వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి లెక్కేసిన 2016 నాటి ఒక సమీక్షలో ఏడాది తర్వాతా నొప్పి ఉన్నవాళ్లు నూటికి పదకొండు మంది దాకా తేలారు. వెయ్యికి మూడెక్కడ, నూటికి పదకొండెక్కడ! నొప్పి అంటే ఏదని అడిగారు, ఎవరిని లెక్కలోకి తీసుకున్నారు, అంతకుముందే ఉన్న నడుం నొప్పిని విడదీశారా లేదా అన్నదాన్ని బట్టి అంకె మారిపోతుంది. కాన్పు కాపాడుతుందన్న మాట ఇంకా ఊహే.

ఈ ఊహ తెలంగాణకు మరెవరికన్నా దగ్గరిది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఇక్కడ కాన్పుల్లో 97 శాతం ఆస్పత్రుల్లోనే జరిగాయి, 60.7 శాతం సిజేరియన్లు. ఆ సర్వేలో దేశంలో ఇంతకు మించిన రాష్ట్రం లేదు. ప్రైవేటు ఆస్పత్రుల్లోనైతే ఆ అంకె ఎనభై దాటింది. ఆపరేషన్ అయిన ఆడవాళ్లలో చాలామంది నోట ఒకే మాట వినిపిస్తుంది: "వెన్నుల మత్తు సూది ఇచ్చినప్పటి సంది నడుం పోయింది." వెన్నులోకి ఇచ్చే మత్తుకూ, నెలల తరబడి ఉండే నడుం నొప్పికీ సంబంధం ఉందని తొంభైల మొదట్లో కొన్ని సర్వేలు సూచించాయి. తర్వాత జరిగిన యాదృచ్ఛిక పరీక్షల్లో ఆ సంబంధం నిలవలేదు. చూలుతో ముందుకు సాగిన నడుం, బాలింతగా బిడ్డను ఎత్తుకోవడం, రెండో నెలకే పొలానికి పోవడం అసలు కారణాలై ఉండొచ్చు. ఏమైనా ఆ భయం జనంలో గట్టిగా ఉంది. శాస్త్రవేత్తలు నొప్పికి మందుగా ఆక్సిటోసిన్‌ను ఇద్దామంటున్నది సరిగ్గా ఆ వెన్నులోకే.

ఎందుకు వెన్నులోకే? ఈ మందు రక్తంలో కొన్ని నిమిషాలకు మించి ఉండదు. కడుపులోకి మాత్రగా వేసుకుంటే అరిగిపోతుంది. రక్తం నుంచి మెదడులోకీ వెన్నుపాములోకీ దాదాపు దాటదు. ఇక మిగిలిన దారులు రెండే: వెన్నులోకి సూది, లేదా ముక్కులోకి స్ప్రే.

వెన్ను దారిలో మొదటి పెద్ద కబురు చైనా నుంచి వచ్చింది. నడుం నొప్పి ఉన్నవాళ్ల వెన్నులోకి ఆక్సిటోసిన్ ఇస్తే ఉపశమనం కలిగిందని జున్ యాంగ్ 1994లో స్పైన్ పత్రికలో రాశాడు. అంత పెద్ద మాట చెప్పాక దాన్ని కట్టుదిట్టంగా పరీక్షించే పని చాలా ఆలస్యంగా మొదలైంది. ఐసెనాక్ 2015లో ఆరోగ్యవంతులైన వాలంటీర్లకు ఐదు నుంచి 150 మైక్రోగ్రాముల దాకా ఇచ్చి, ముందు ప్రమాదం ఉందా అని చూశాడు. ఒకరికి కాసేపు బీపీ పడిపోవడం లాంటి చిన్న ఇబ్బందులు తప్ప పెద్ద హాని కనపడలేదు. ఆ తర్వాత తుంటి కీలు మార్పిడి చేయించుకునేవాళ్లలో సగం మందికి మత్తుతోపాటు వంద మైక్రోగ్రాముల ఆక్సిటోసిన్, మిగతా సగానికి ఉత్త సెలైన్ ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో ఎవరికీ తెలియదు. రెండు నెలలు గడిచాక చూస్తే రెండు గుంపుల నొప్పిలో తేడా లేదు. ఆక్సిటోసిన్ అందినవాళ్లు మాత్రం ఎక్కువగా నడిచారు, రోజువారీ పనులు మెరుగ్గా చేసుకున్నారు. ప్రధాన ప్రశ్నకు జవాబు "లేదు", పక్క ప్రశ్నకు "ఉందేమో". నొప్పి తగ్గకుండా నడక మెరుగవడం అసాధ్యమేమీ కాదు, కదిలితే నొప్పి వస్తుందన్న బెదురు తగ్గినా అంతే జరుగుతుంది. కానీ పరీక్షకు ముందు పెట్టుకున్న గురి తప్పి, పక్క చెట్టుకు తగిలిన బాణాన్ని విజయమని చెప్పుకోవడం ఈ రంగంలో తరచూ జరిగేదే. నేనైతే దీన్ని ఓటమిగానే లెక్కేస్తాను, మళ్లీ పరీక్షించదగ్గ ఓటమిగా.

ముక్కు దారి కథ ఇంకోలా ఉంది. ఈ దారిలో నొప్పికన్నా ముందు పరీక్షించింది నమ్మకాన్ని. ఆక్సిటోసిన్ స్ప్రే కొట్టుకున్న మగవాళ్లు డబ్బు ఆటలో ఎదుటివాణ్ని ఎక్కువగా నమ్మారని 2005లో నేచర్ పత్రికలో వచ్చింది. ప్రేమ హార్మోన్ అనే పేరు ఊరూరా మోగింది. పదిహేనేళ్ల తర్వాత పెద్ద సంఖ్యతో అదే ప్రయోగం చేస్తే ఆ ఫలితం రాలేదు. ఆటిజం ఉన్న పిల్లల మీద 290 మందితో జరిగిన అమెరికా పరీక్ష 2021లో ఉపయోగం లేదని చెప్పింది. నొప్పి మీద జరిగిన స్ప్రే పరీక్షలు వీటికన్నా చాలా చిన్నవి. ఒళ్లంతా నొప్పులుండే ఫైబ్రోమయాల్జియాతో ఉన్న 14 మంది ఆడవాళ్లకు ఇటలీలో ఇచ్చి చూశారు, ఉపయోగం కనిపించలేదు. కెనడాలో పొత్తికడుపు నొప్పి ఉన్న ఇరవై మందికి పైగా ఆడవాళ్లలో మాత్రం కొంత తగ్గిన సూచన కనిపించింది. లండన్ కింగ్స్ కాలేజీలో 13 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్ల చేతి మీద లేజర్‌తో చురక పెట్టి చూస్తే, స్ప్రే తర్వాత మెదడు స్పందన తగ్గింది. ఇంత చిన్న గుంపుల్లో ఇద్దరు అటో ఇటో మొగ్గితే ఫలితం తారుమారవుతుంది. మైగ్రేన్‌కు ఒక కంపెనీ మెగ్నీషియం కలిపిన స్ప్రేతో రెండో దశ పరీక్ష దాకా వెళ్లింది. 2023 డిసెంబరులో ఆ పరీక్షా గురి తప్పింది.

ఎందుకిలా? గారెత్ లెంగ్, మైక్ లుడ్విగ్ అనే ఇద్దరు ఎడిన్‌బరో శాస్త్రవేత్తలు 2016లో ఒక చేదు లెక్క చెప్పారు. ముక్కులో కొట్టిన మందులో మెదడు చుట్టూ ఉండే ద్రవానికి చేరేది 0.005 శాతం మాత్రమేనని. ఆ లెక్కను కాస్త ముందుకు తీసుకెళ్దాం. మామూలుగా వాడే స్ప్రే మోతాదు 24 యూనిట్లు, అంటే సుమారు 40 మైక్రోగ్రాములు. అందులో 0.005 శాతమంటే రెండు నానోగ్రాములు. తుంటి ఆపరేషన్లో వెన్నులోకి ఇచ్చింది వంద మైక్రోగ్రాములు. యాభై వేల రెట్ల తేడా! వంద మైక్రోగ్రాములతోనే నొప్పి తగ్గనప్పుడు రెండు నానోగ్రాములతో తగ్గిందంటే, ఆ తగ్గడం వెనుక మందు ఉందా, మనసు ఉందా అని అడగక తప్పదు. ముక్కు నుంచి నరాల వెంబడి నేరుగా మెదడుకు ఇంకో దారి ఉందని స్ప్రేను సమర్థించేవాళ్లు అంటారు. మైగ్రేన్‌తో సంబంధమున్న ట్రైజెమినల్ నరం విషయంలో ఆ వాదనకు కొంత బలముంది. నడుం నొప్పికి లేదు.

మనసు మాట ఎత్తాను కాబట్టి ఇంకో పరీక్ష. ఉత్త లేపనాన్ని మందని చెప్పి రాస్తే కూడా కొందరికి నొప్పి తగ్గుతుంది. ఆక్సిటోసిన్ స్ప్రే ఆ నమ్మకపు ఫలితాన్ని పెంచుతుందని 2013లో జర్మనీ పరిశోధకులు మగవాళ్లలో చూపించారు. తర్వాత ఆడవాళ్ల మీద చేసిన పెద్ద ప్రయోగంలో అది రాలేదు. మాత్రకన్నా సూది మీదా, సూదికన్నా సెలైన్ బాటిల్ మీదా ఎక్కువ గురి ఉండే మన ఊళ్లలో ఈ చర్చ పరాయిది కాదు. ఆర్‌ఎంపీ సూదిలో ఎంత మందు, ఎంత నమ్మకం అన్నది ఎవరూ కొలిచింది లేదు గానీ, పేషెంటు లేచి నడిచి వెళ్లడం అందరూ చూసిందే.

అందుకే నాకు భయం. ఆక్సిటోసిన్ దొరకని మందు కాదు, మందుల షాపుల్లోనూ దొడ్లలోనూ చవగ్గా తిరిగే మందు. పాడిలో దుర్వినియోగం ఆపాలని కేంద్రం 2018 ఏప్రిల్‌లో దిగుమతిని నిషేధించింది. దేశంలో వాడకానికి తయారీని కర్ణాటక యాంటీబయాటిక్స్ అనే ఒక్క ప్రభుత్వ కంపెనీకే పరిమితం చేసింది. బాలింతల రక్తస్రావానికి ఇదే ప్రధాన ఆయుధం కాబట్టి ఒక్క కంపెనీ మీద దేశమంతా ఆధారపడటం ప్రమాదమని ఆల్ ఇండియా డ్రగ్ యాక్షన్ నెట్‌వర్క్, కొన్ని కంపెనీలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాయి. ఆ ఏడాది డిసెంబరు 14న కోర్టు తయారీ మీద పెట్టిన ఆ ఉత్తర్వును కొట్టేసింది. నా దృష్టిలో అది సరైన తీర్పే. దొడ్డిలో తప్పును ఆపబోయి కాన్పు గదిలో ప్రాణాలను పణంగా పెట్టకూడదు. కానీ దొడ్డిలో తప్పు అలాగే మిగిలింది. లేబుల్ లేని ప్లాస్టిక్ సీసాల్లో, ఎంత గాఢమో తెలియని ద్రవం అమ్ముడుపోతూనే ఉంది. ఆక్సిటోసిన్ నొప్పికి పనిచేస్తుందట అనే వార్త వాట్సాప్‌లో వస్తే, ఆ సీసా దొడ్డి నుంచి నట్టింట్లోకి రావడానికి ఎంతో దూరం లేదు. అమెరికాలో కొందరు డాక్టర్లు ఇప్పటికే నాలుక కింద పెట్టుకునే బిళ్లగా దీన్ని నొప్పికి రాసిస్తున్నారు, గట్టి పరీక్షల అండ లేకుండానే.

ఒక్కమాట స్పష్టంగా చెప్పాలి. నడుముకో కండకో పొడిచిన ఆక్సిటోసిన్ వెన్నుపాములోకి చేరదు, దాని వల్ల దీర్ఘకాలిక నొప్పి తగ్గుతుందనడానికి ఆధారం లేదు. హాని మాత్రం నిజం. గర్భిణికి పడితే గర్భసంచి అదుపు తప్పి ముడుచుకుంటుంది, చిరగవచ్చు కూడా. మోతాదు మించితే వాసోప్రెసిన్‌లా పనిచేసి ఒంట్లో నీరు నిలబెడుతుంది, రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ రావచ్చు. ఒక్కసారిగా రక్తనాళంలోకి ఎక్కిస్తే బీపీ పడిపోతుంది. పైగా ఇది రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో ఉండాల్సిన మందు. మే నెల సంగారెడ్డి ఎండలో షాపు అల్మారాలో ఉన్న సీసాలో ఎంత శక్తి మిగిలిందో చెప్పలేం.

అయితే ఈ దారి మూసేయాలా? అక్కర్లేదు. మందుగా ఆక్సిటోసిన్ ఓడినా, ఆ ముప్పై కణాలు చూపిన దారి తప్పు కాదు. వెన్నులో ఎక్కువసేపు నిలిచే, వాసోప్రెసిన్ గ్రాహకాన్ని ముట్టుకోని కొత్త పెప్టైడ్‌ల కోసం ప్రయోగశాలలు వెతుకుతున్నాయి. వాళ్ల పని వాళ్లు చేస్తారు. మన దగ్గర మాత్రమే తేలిగ్గా జరిగే పని ఇంకొకటుంది. ఐసెనాక్ ఊహ నిజమో కాదో తేల్చడానికి సిజేరియన్లు ఎక్కువగా జరిగే చోటు కావాలి, తల్లుల్ని ఏడాదిపాటు మళ్లీ మళ్లీ కలిసే వీలు కావాలి. తెలంగాణలో ఆ రెండూ ఉన్నాయి. బిడ్డ టీకాల కోసం తల్లి ఆరు, పది, పద్నాలుగు వారాలకు, తొమ్మిదో నెలలో, పదహారో నెల దాటాక ఏఎన్ఎం దగ్గరికి వస్తుంది. కుట్టు దగ్గర నొప్పి ఉందా, కాన్పుకు ముందే ఉన్న నొప్పా, పనికి అడ్డొస్తోందా అని ప్రతిసారీ అడిగి కార్డు మీద రాస్తే చాలు, వెయ్యికి మూడా, నూటికి పదకొండా అన్నది తేలుతుంది. నెలలు నిండకనో బరువు తక్కువనో కొందరు బిడ్డలు నవజాత శిశు వార్డులో వారాల తరబడి ఉండిపోతారు. వాళ్ల తల్లులు మనం కోరకుండానే బిడ్డకు దూరమైనవాళ్లు. బిడ్డ పక్కనే ఉన్న తల్లులకన్నా వాళ్లలో నొప్పి ఎక్కువకాలం మిగిలిందా అని చూడవచ్చు. అయితే ఆ తల్లుల్లో బీపీ, రక్తహీనత, దిగులు మొదటి నుంచే ఎక్కువ. వాటిని విడదీసి లెక్కేయాలి, అది గణాంకవేత్త పని. ఆ లెక్క తర్వాత కూడా తేడా మిగిలితే వేక్ ఫారెస్ట్ ఎలుకలు చెప్పింది మన బాలింతల్లోనూ నిజమని అనుకోవడానికి మొదటి ఆధారం దొరికినట్టు. మిగలకపోతే కాన్పు కాపాడుతుందన్న ఊహను పక్కన పెట్టొచ్చు. దీనికి ఒక్క సూది కూడా అక్కర్లేదు.